జేజి మొక్కు

ఈరోజు పొద్దున గడపకు పసుపు రాస్తుంటే ఆ తడి వాసనకు మా జేజి గుర్తొచ్చింది.

నాకు ఆరేళ్లప్పుడు, నాన్నను కన్న ఆ జేజి నన్ను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు నుంచి తిరుపతి బస్సెక్కింది. అలిపిరి నుంచి కొండకు నడిచాం. గోవిందలు కొట్టుకుంటూ జనం మమ్మల్ని దాటి పోతున్నారు. జేజి మాత్రం ప్రతి మెట్టు దగ్గరా వంగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, నడుం పట్టుకుని లేస్తోంది. కుంకుమ పొట్లం పట్టుకోవడం నా పని.

జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒకామె మా పక్కన ఆయాసం తీర్చుకుంటూ అడిగింది. "ఎవురి కోసరం మొక్కుకున్యావు అవ్వా?"

"మా కోడలి కోసరం. బిడ్డ పోయినప్పటి నుంచి దానికి ముద్ద దిగడంల్యా."

అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చి మంచం మీదే ఉందని తెలుసు గానీ, కడుపులో పాప పోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసి మా ఇంట్లో బిడ్డను నేనే. ఊరొదిలి పోయిందీ నేనే.

"రేపు ఇంటికి పోతాం కదా జేజీ, అప్పుడు తింటాదిలే," అన్నాను.

జేజి వేలు మెట్టు మీదే ఆగింది. మళ్లీ కుంకుమ పెడుతూ, "ఆ, నువ్వు పోతే తింటాది," అంది.

ఇంటికి రాగానే అమ్మ దగ్గరికి పరిగెత్తాను. "నేనొచ్చినా గదమ్మా, ఇంక అన్నం తిను."

అమ్మ నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. జేజి అన్నం కలిపి తెచ్చి, గిన్నె నా చేతికే ఇచ్చింది. అమ్మ తింది.

నేను తిరిగొచ్చినందుకే తింటోందనుకున్నాను. ఇన్నేళ్లకు ఆలోచిస్తే, అది పూర్తిగా తప్పు కాదేమో.