సేమియా, సగ్గుబియ్యం

బాబు మెడ మడతలో పులిసిన వాసన. పాలు, చెమట, అత్తయ్య మర్దించిన కొబ్బరినూనె కలిసి, మూత తీసిన దోసెల పిండిలా. మడత ఎర్రగా ఒరిసిపోయింది, మాడు మీద జిడ్డు పొరలు లేస్తున్నాయి. చర్మం మీద ఉండే ఈస్టు పెచ్చుమీరిందని, నూనె మానమని చెప్పి డాక్టరుగారు క్రీము ఇచ్చారు. ఆ మాట విన్నప్పటినుంచీ వాడిని నా ఒంటికి తగలనివ్వకుండా, మధ్యలో తువ్వాలు వేసి ఎత్తుకుంటున్నాను. ఒకప్పుడు నాకూ ఈస్టు మచ్చలు వచ్చాయి. నేనే అంటించానేమోనని భయం. ఇప్పుడు వాడు నిద్రపోయాక, ఆ వాసన వెంట షమీమ్ మేడం గుర్తొచ్చారు.

నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు మైక్రోబయాలజీ చెప్పేవారు. మొదటి సంవత్సరమే నా మెడ మీద తెల్లటి మచ్చలు లేచాయి. కొడవలూరులో మా అమ్మ బొల్లి అనుకుని హడలిపోయి, కొబ్బరినూనెలో పసుపు కలిపి ఇచ్చింది. రాసేకొద్దీ అవి వీపు మీదికి పాకాయి. హాస్టల్ గదిలో నాతో ఉండే క్లాస్‌మేట్ సునీత తన తువ్వాలును నా తువ్వాలు పక్కనుంచి తీసి కిటికీకి ఆరేసుకుంది. ఆ రోజునుంచి నేను చున్నీ మెడకు చుట్టుకునే ల్యాబుకు వెళ్లేదాన్ని.

"ఏంది పాపా, ఇంత ఉక్కలో మెడకి చున్నీ?" అన్నారు మేడం.

నా బదులు సునీత చెప్పింది. "మచ్చలు మేడం. అంటుకుంటాయంట."

మేడం చున్నీ తీసి, వట్టి అరచేయి నా మెడ మీద ఆనించారు. అమ్మ తప్ప ఎవరూ అక్కడ చెయ్యి వేసి చాలా కాలమైంది. "ఏం పూస్తుండావు?"

"కొబ్బరినూనె, పసుపు."

"బలే దానివే! రోజూ వాటికి విందు పెడతండావా?"

మచ్చ మీద టేపు అంటించి, లాగి, నీలం రంగు చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. "ఏం కనపడతాంది?"

పొట్టి పోగులు, వాటి మధ్య గుత్తులుగా గుండ్రటి పూసలు. "సేమియా, సగ్గుబియ్యం మేడం."

ల్యాబంతా నవ్వింది. మేడం కూడా నవ్వారు. "పాయసమే! ఇది ఈస్టు. బొల్లీ కాదు, గిల్లీ కాదు. మందేస్తే పోతాది."

అక్కడితో ఆపి ఉంటే ఆవిడ మంచి టీచరు మాత్రమే అయ్యేవారు. ఇంకో టేపు ముక్క తుంచి తన నుదుటికే అంటించుకున్నారు. ఆ స్లైడు చూడమని సునీతను పిలిచారు.

"సేమియా లేదు మేడం. సగ్గుబియ్యం ఉండాది."

"నా నుదుటిదేనమ్మా అది. నీది కూడా చూద్దాం, రా."

సునీత నుదుటి మీదా దొరికింది. "చూసినారా? ఎవురూ ఎవురికీ అంటించలా. అందరి ఒంటి మీదా కాపరముండేవే. జిడ్డూ చెమటా దొరికితే పెత్తనానికొస్తాయి, అంతే."

ఆ సాయంత్రం సునీత తువ్వాలు తిరిగి నా తువ్వాలు పక్కకు వచ్చింది. మందుతో ఈస్టు తొందరగానే అణిగినా, చర్మం రంగు రావడానికి నెలలు పట్టింది. వరండాలో ఎదురైనప్పుడల్లా మేడం నన్ను ఆపి మెడ చూసేవారు. "వస్తాది లే, తొందరేంది?" అనేవారు. నా బెంగను ఒక్కసారి కూడా చిన్నచూపు చూడలేదు.

పొద్దున అత్తయ్యకు ఈ పాయసం సంగతి చెప్పి, నూనె గిన్నె పక్కన పెట్టించాలి. బాబు కదిలాడు, ఏడవబోతున్నాడు. అలవాటుగా తువ్వాలు అందుకున్నాను. మళ్లీ మంచం మీదే వదిలేశాను. వాడిని ఎత్తుకుని, ఆ పులిసిన వాసన పక్కనే నా చెంప ఆనించాను.