చున్నీ సర్దిన చెయ్యి

ఆ శుక్రవారం ప్రార్థనలో నా తల మీది చున్నీ రెండుసార్లు జారింది. మొదటిసారి దానంతటదే జారింది. రెండోసారి నేనే జార్చాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అమలాపురంలో నేను అద్దెకుండే ఇంటావిడ నన్ను పక్కింట్లో జరిగే స్త్రీల కూడికకు తీసుకెళ్ళారు. చాపల నిండా ఆడవాళ్ళు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నా చున్నీ జారగానే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని లాగి తల మీద కప్పింది. "ముసుగు చూసుకోవాలమ్మా, ఆడపిల్లవి," అని చెవి దగ్గర ఎవరో మెల్లగా కసిరారు.

పుట్టినప్పుడు నన్ను మగపిల్లవాడన్నారు. కాదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కాని గదిలో అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డా అది తెలిసిన విషయంగానే ఉండేది, సంతోషంగా మారేది కాదు. ఇప్పుడెవరో చూసి, ఏ అనుమానమూ లేకుండా ఆడపిల్లనని కసిరేసరికి ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది. తల కాస్త వంచాను. చెయ్యి మళ్ళీ వచ్చింది. ఈసారి మాటేమీ రాలేదు. ప్రార్థన అయ్యేదాకా వెనకావిడ చూపు నా వీపుకు తెలుస్తూనే ఉంది.

టీ ఇచ్చేటప్పుడు ఆవిడ ముందుకొచ్చి నాకెదురుగా కూర్చున్నారు. ముఖం చూసి గుర్తుపట్టాను. తాటిపాకలో నాకు అయిదో తరగతి చెప్పిన టీచరుగారు. అప్పుడు నేను నిక్కరు వేసుకుని మగపిల్లల వరసలో కూర్చునేదాన్ని.

ఇంటావిడకు నా సంగతి తెలియదు. తెలిస్తే గది ఖాళీ చెయ్యమంటారేమో. గది ఇంకోటి వెతుక్కోవచ్చు. ఈ చాప మీద చోటు మళ్ళీ దొరకదు.

"ఈ పిల్లెవరండీ? ఎక్కడో చూసినట్టుంది," అన్నారు టీచరుగారు.

లేవబోయాను. ఇంటావిడ భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు. "మా మేడ మీద ఉంటుందండి. మీ తాటిపాకేనండి టీచరుగారూ. వాళ్ళ నాన్నగారు గ్యాస్ ప్లాంటులో చేసేరంట. పిల్లకి మాత్రం ఈ మూగనోమేంటో, నోట్లోంచి మాట ఊడిపడదు."

"చర్చి వెనకాల డాబా ఇల్లా?"

"ఆయ్ అండి," అన్నాను. కాదందామనుకునేలోపే నోరు ఔనంది.

టీచరుగారు కప్పు కింద పెట్టారు. "వాళ్ళకి ఇద్దరూ మగపిల్లలే కదండీ. పెద్దోడు మస్కట్ వెళ్ళేడు. రెండోవాడు నా దగ్గరే చదివేడు. ఎప్పుడూ పుస్తకంలో తల దూర్చుకుని ఉండేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు."

పక్కనున్నవాళ్ళు మావైపు తిరిగారు. భుజం మీది చెయ్యి బరువు తగ్గలేదు, పెరగలేదు. ఆ ఇల్లు కాదు, మాది వేరే వీధని ఇంకా చెప్పొచ్చు. టీచరుగారి కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయాను.

"ఇప్పుడూ అంతేనండి," అన్నాను.

ఆవిడ నా ముఖం చాలాసేపు చూశారు. వెనక ఎవరో గరిటె జారవిడిచారు. ఆవిడ అటు తిరగలేదు.

"అలాగా. అయితే వాళ్ళ చిన్నమ్మాయివి నువ్వన్నమాట. టీ చల్లారిపోతుంది, తాగు."