అట్టు చెడగొట్టడం చేతకాక

మా నాచారంలో ఇల్లు సీరియల్ షూటింగుకి ఇవ్వడం పెద్ద విశేషమేమీ కాదు. పొద్దున ఎదురింటి గుమ్మానికి మామిడాకులు కడతారు, మధ్యాహ్నానికి అదే గుమ్మంలో ఎవరో గుండెలు బాదుకుంటూ ఏడుస్తుంటారు. మనం మాత్రం ఉప్పల్ వెళ్ళి కూరగాయలు తెచ్చుకోవాలి.

మా వంతు వచ్చినప్పుడు వంటగదిలో ఒక్కటే సీను అన్నారు. డబ్బున్నవాళ్ళ పిల్ల కొత్త కోడలిగా వచ్చి దోశ పాడుచేస్తుంది, అత్తగారు మండిపడుతుంది. కానీ ఆ కోడలి వేషం వేసే అమ్మాయివి అతికించుకున్న గోళ్ళు. పెనం దగ్గరికి రానంటే రానంది.

"అక్కా, చేతులే కనవడతయి. మీ చేతులియ్యున్రి" అన్నాడు డైరెక్టరు, వరంగల్ వైపు కుర్రాడు.

ఇంకేం, నేను గాల్లో తేలిపోయాను. టీవీలో నా చేతులు! ఆ అమ్మాయి గాజులు సబ్బు రాసి మరీ ఎక్కించుకున్నాను.

యాక్షన్ అన్నాడు. పోశాను. గుండ్రంగా, పల్చగా, అంచులు లేచి మరీ వచ్చింది.

"మస్తున్నదక్కా. గని గిట్ల గాదు, జర ఖరాబ్ జెయ్యాలె."

సరే అని మళ్ళీ పోశాను. నా చెయ్యి నా మాట వింటేనా! నేను వద్దనుకుంటున్నా పెనం మీద నీళ్ళు చిలకరించేస్తుంది, ఉల్లిపాయ ముక్కతో రుద్దేస్తుంది. పిండి మందంగా పోస్తే చక్కటి ఊతప్పం అయింది. నూనె మానేసినా మా పాత పెనం అంటుకోనివ్వలేదు. యూనిట్ వాళ్ళంతా పళ్ళేలు పట్టుకుని వరస కట్టారు, చట్నీ అయిపోయింది. చివరికి ఒళ్ళుమండి అట్లకాడతో ఒక్క పోటు పొడిచాను.

డైరెక్టరు తల పట్టుకున్నాడు. "పొడిచినట్టు తెలుస్తున్నదక్కా. చేతగాక చినగాలె, కావాలని చింపినట్టు ఉండొద్దు. పోనీ, ఎదురింటి ఆంటీని పిలవమంటరా?"

ఎదురింటావిడా! ఆవిడ దోశలు తిన్నాను కనుక చెబుతున్నాను, ఆవిడ నటించక్కర్లేదు, మామూలుగా పోస్తే చాలు. ఆ తర్వాత ఆ చేతులు చూపిస్తూ నాగోలు దాకా టముకు వేసుకొస్తుంది. నేనెక్కడ తలెత్తుకునేది?

"ఒక్కసారి, బాబూ, ఒక్కసారి" అని బతిమాలుకున్నాను.

అప్పుడు హాల్లో సోఫా మీద బాసింపట్టు వేసుకుని ఇదంతా చూస్తున్న మా అత్తగారు లేచారు. వచ్చి కెమెరాకి తగలకుండా నా ఎడమ భుజం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెనం వైపే చూపు.

నేను కాపురానికొచ్చిన మర్నాడు పొద్దున, ఈ వంటింట్లోనే, సరిగ్గా ఇలాగే నిలబడ్డారు.

అంతే. గరిటెడు పిండా, గరిటెన్నరా? నాకేమీ తోచలేదు. గరిటె పెనానికి టక్కున తగిలింది. తిప్పుతుంటే మధ్యలో పిండి గరిటెతో పాటే లేచొచ్చింది. కంగారుగా తిరగేయబోతే సగం వచ్చింది, సగం పెనం మీదే ఉండిపోయింది.

"కట్! ఓకే! ఏం జేసినవమ్మా?" అని డైరెక్టరు గెంతులేశాడు.

"ఏం చేశాను నాయనా, నిలబడ్డాను" అన్నారు అత్తగారు.

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాపురానికొచ్చిన ఆ మర్నాడూ అట్టు ఇలాగే చిరిగింది. ఆవిడ మారుమాట్లాడకుండా దాన్ని పళ్ళెంలో వేసుకుని, కుక్క ఉండే పెరట్లోకి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్నది ఆ గాజుల చేతులతోనే అడిగేశాను.

"ఆ రోజు నా అట్టు కుక్కకి వేసేశారు కదూ, అత్తయ్యా?"

ఆవిడ పెనాన్ని గీకి, ముక్కలన్నీ పళ్ళెంలో వేసుకుంటున్నారు.

"కుక్కకెందుకేస్తానే? మీ మామయ్య చూస్తే కొత్తపిల్లవని ఏడిపించి చంపుతారని గబగబా నేనే తినేశాను."

ఒక ముక్క నోట్లో వేసుకుని, ఆవిడ మొహం చిట్లించారు.

"అప్పుడూ ఉప్పు తక్కువే."