కొసరు రాజేశం

పొద్దున్నే పాల నర్సమ్మ కుండ దించేసరికి రాజేశం గడపలో తయారుగా ఉండేవాడు. కుడిచేతిలో చెంబు, ఎడమచేతిలో చిన్న ఇత్తడి గ్లాసు. చెంబు కొన్న పాలకు, గ్లాసు కొసరుకు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆయన కిరాణా దుకాణం తెరిచే ముందు రోజూ జరిగే మొదటి పూజ ఇది. దేవుడి దగ్గర దీపం రెండోది.

“నర్సమ్మా, కొసరు?”

“నిన్న పోసిన గద సేటూ.”

“నిన్నటిది నిన్నటి పాలకు. నీ బర్రె ఇయ్యాల మళ్ల ఇచ్చింది గద.”

“అయితె బర్రెనే అడుగు పోయి,” అని గొణుగుతూనే నర్సమ్మ గ్లాసులోకి ఒక ధార వదిలేది. గొణగకుండా పోస్తే సేటుకు ఆ పాలు రుచించవని ఆమెకు తెలుసు.

వంకాయల దగ్గర కొసరు లోకమంతా అడుగుతుంది. రాజేశం అంతటితో ఆగేవాడు కాదు. మంగలి గడ్డం గీస్తే కొసరుకు చెవుల మీది వెంట్రుకలు తీయాలి. దవాఖానలో భార్యకు సూది వేస్తే కొసరుకు తన నాడి చూడాలి. వరంగల్ నుంచి బస్సులో వస్తే స్టేజీ దగ్గర దిగడు.

“జర మా సందు దాక పోనియ్యి.”

“టికెట్ గిక్కడి దాకనే,” అనేవాడు కండక్టర్.

“నేను గూడ గదే అంటున్న. టికెట్ గిక్కడి దాక. గక్కడి దాక కొసరు.”

డ్రైవర్ నవ్వుకుంటూ బస్సును సందు మొదటి దాకా పోనిచ్చేవాడు.

గుడిలో మూడుసార్లు తీర్థం పోసినా చెయ్యి తీసేవాడు కాదు. పూజారి నాలుగోసారి పోసేదాకా వెనకాల వరుస ఆగిపోయేది. పక్కన ఉన్న భార్య వరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని “స్వామి దగ్గర గూడనా? ఏందండి గిది?” అనేది.

“ఆయన దగ్గర గాకపోతె ఇంకెవరి దగ్గర అడుగుత? కొలువకుండ ఇచ్చుడు ఆయనకే తెలుసు.”

వరలక్ష్మి ఇంకేమంటుంది? ఆమె పెళ్లిలోనే పురోహితుడు మూడు ముళ్లంటే ఈయన నాలుగు వేశాడు. అదేమిటని అడిగితే కొసరన్నాడు. పీటల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. అప్పుడు దించిన తల వరలక్ష్మి ఇంకా పూర్తిగా ఎత్తలేదు. ఆమె తీరు ఆయనకు పూర్తిగా ఎదురు. పక్కింటి కరివేపాకు కొమ్మ గోడ మీదుగా తన వాకిట్లోకే వంగి ఉండేది. అడగకుండా తెంపడానికి మనసొప్పదు, అడగడానికి నోరు రాదు. కరివేపాకు లేకుండానే చారు పెట్టేది.

ఒక్క వింత మాత్రం ఆమె గమనించింది. దుకాణంలో బస్తాలు మోసే పూల్‌సింగ్‌ను మాత్రం ఆయన ఎన్నడూ కొసరు అడగలేదు. దించిన బస్తాను జర గోడకు జరపమని కూడా అనడు, తనే జరుపుకుంటాడు. పూల్‌సింగ్ అంటే భయం కాబోలు అనుకుందామె. పూల్‌సింగ్ లంబాడీ తండా నుంచి వచ్చే మనిషి. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ ముట్టడు. చేతిలో బెల్లంముక్క పెడితే మరునాడు గడప మీద సీతాఫలాలు ఉండేవి.

ఎనభైల మొదట్లో రైలు గేటు అవతల జానకి అనే ఆమె రెండు గదులు అద్దెకు తీసుకుని ఇంగ్లీషు బడి పెట్టింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. మెడకు టై కట్టిన పిల్లలు గేటు దాటుతుంటే ఊరు వింతగా చూసేది. రాజేశం కొడుకు ఉపేందర్ తన బిడ్డ వనమాలను అందులో వేస్తానన్నాడు.

“ఇంట్ల బాయి పెట్టుకొని నీళ్లు కొంటరార? సర్కారు బడి లేదా? నువ్వు గక్కడ సదివినోడివే గద.”

“సదివిన బాపు. అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లికి బడులు బంద్ వడితె ఏడాదంత గోళీలాడిన. ఇప్పుడు వరంగల్ల సరుకులిచ్చే సేటు ఇంగ్లీషుల కాగితమిస్తె చదివిచ్చుకోను పోస్టాఫీసుకు ఉరుకుతున్న. నా బిడ్డ గట్ల ఉరుకొద్దు.”

రాజేశం తరాజు పళ్లేలు తుడవసాగాడు. జవాబు దొరకనప్పుడు అది ఆయన అలవాటు. తుడుస్తూ తుడుస్తూ “మరి గోరీ?” అన్నాడు.

గోరీ పూల్‌సింగ్ పెద్దబిడ్డ. తండ్రి వెంట పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా దుకాణం వెనక వాకిట్లో వనమాలతో చింతగింజలు ఆడేది.

“గోరీ సర్కారు బడికి పోతది.”

“ఒక్క వాకిట్ల ఆడినోళ్లు. ఒకతి గేటు ఇవతల, ఒకతి గేటు అవతల. గిదేం తూకంరా?”

“పెట్టగలిగినోళ్లు పెడ్తరు బాపు. లోకమంత గట్లనే ఉన్నది.”

రాజేశం తరాజును మళ్లీ తుడిచాడు. అప్పటికే అది అద్దంలా మెరుస్తోంది.

ఫీజు తనే కట్టి వస్తానన్నాడు. పరువు కాపాడుకుందామని వరలక్ష్మి కూడా వెంట వెళ్లింది. అక్కడ ఆమె ఆశ్చర్యపోయింది. జానకి ఎంత చెబితే అంత, ఒక్క మాట బేరమాడకుండా బల్ల మీద పెట్టాడు. అమ్మయ్య అని ఆమె దేవుడికి దండం పెట్టుకోబోతుండగా వినబడింది.

“కొసరు?”

జానకి రాస్తున్నదల్లా తలెత్తింది. “మా వైపూ అడుగుతారండీ, వంకాయల దగ్గర. బళ్లో అడిగినవాళ్లని చూళ్లేదు.”

“ఇప్పుడు చూసినవు గద బిడ్డా.”

ఆమె నవ్వి ఒక పెన్సిల్ ఇచ్చింది. ఆయన దాన్ని తిరిగి బల్ల మీద పెట్టాడు. పలక ఇచ్చింది. అదీ పెట్టాడు.

“బియ్యం కొన్నోనికి కొసరు బియ్యమే ఇయ్యాలె, పసుపుకొమ్ము ఇస్తరా? నేను సదువు కొన్న. కొసరు గూడ సదువే కావాలె. ఇంకొక పిల్లను, తండా నుంచి వచ్చే మా గోరీని, కూసోబెట్టు.”

వరలక్ష్మి గోడకు వేలాడుతున్న యాపిల్ పండు బొమ్మను అదేపనిగా చూడసాగింది.

“అందరూ ఇలా అడిగితే బడి ఎలా నడపనండీ? అద్దె ఉంది, టీచర్లకి జీతాలున్నాయి. ఇది ధర్మబడి కాదు కదా.”

“ధర్మం ఎవరడిగిన్రు? ధర్మం లేనోనికి ఇస్తరు. కొసరు కొన్నోని హక్కు.”

“ఆ పిల్లకి ఇంట్లో తెలుగే ఉండదు. ఇంగ్లీషు ఎలా వస్తుంది?”

“మా వనమాలకు ఒక్క తెలుగే వచ్చు. గోరీకి ఇంటి భాష వచ్చు, మా వాకిట్ల తెలుగొచ్చు. ఇగ మూడోది ఎవరికి అల్కగ వస్తదో నువ్వే చెప్పు.”

జానకి కుదరదంది. ఆమె అన్నదాంట్లోనూ తప్పేముంది అనిపించింది వరలక్ష్మికి. ఇంటి దారిలో ఆ మాటే అంటే “తప్పులేదు. అందుకే రేపు మళ్ల పోత,” అన్నాడాయన.

అలాగే పోయాడు. మరునాటి నుంచి పాల కొసరు అయిపోగానే బడి కొసరు మొదలైంది. ప్రార్థన గంట కొట్టే వేళకు వాకిట్లో కండువాతో నిలబడి “కొసరు?” అనేవాడు. కొన్నాళ్లకు జనగణమన ముగియగానే పిల్లలే కోరస్‌గా “కొసరు” అనడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం జానకి కందిపప్పు కొనడానికి దుకాణానికి వచ్చింది. రాజేశం తూచి సంచిలో పోశాడు. ఆపైన దోసిలినిండా తీసి మళ్లీ పోశాడు.

“నేను అడగలేదండీ.”

“అడిగినోళ్లకు పోస్తె గొప్పేంది? ఎక్కడి నుంచి తీసిన్నో జూసినవా? గదే రాశి. కింద వడ్డయి ఏరి పొయ్యలె.”

ఆమె వెనకాల ఉన్న ముసలమ్మ కొంచెమే కొంది. ఆమెకూ అంతే దోసిలి పడింది. జానకి కదలకుండా చూసింది.

“ఇలా పోస్తే మీ దుకాణం ఎలా నడుస్తుందండీ?”

“నాకు గూడ ఎరుకలేదు బిడ్డా. పొద్దున తెరిస్తె నడుస్తున్నది.”

జానకికి నవ్వొచ్చింది. “సరే, పంపండి. వనమాల పక్కనే కూర్చోబెడతాను. మరి అమ్మేవాళ్లకి కొసరు ఉండదా? ఆగస్టు పదిహేనుకి పిల్లలందరికీ పుట్నాలూ బెల్లం మీరే.”

రాజేశం నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక, అడగకముందే పోసే ఆయన్ను కొసరు అడిగిన మొదటి మనిషి ఆమె. సంతోషంతో ఇంకో పిడికెడు పప్పు పోశాడు.

తీరా చూస్తే పూల్‌సింగ్ ఒప్పుకోలేదు.

“ఊర్కెనే సదువుడా? వద్దు సేటూ. ఎంత బరువన్న మోస్త గని, గిది మొయ్య.”

లోపల బియ్యంలో రాళ్లు ఏరుతున్న వరలక్ష్మి చేతులు ఆగిపోయాయి. ఇన్ని పొద్దుల తిరుగుడు గంగలో కలిసిందనుకుంది. రాజేశం తరాజు తుడిచాడు. కానీ ఈసారి తుడవడం మధ్యలోనే ఆపాడు.

“పూల్‌సింగ్, నిన్ను ఎన్నడన్న కొసరు అడిగిన్నా?”

“లేదు.”

“ఎందుకడుగలె?”

“నాకేం ఎరుక సేటూ. ఊరందర్ని అడుగుతవు.”

“పెద్దదొకటి అడగాల్నని దాచుకున్న. ఇప్పుడు అడుగుతున్న. మా వనమాలకు రైలంటె వణుకు. ఒక్కతి గేటు దాటదు. మీ గోరీకి భయం లేదు. చెయ్యి పట్టుకొని దాటియ్యాలె, బడిల పక్కన కూసోవాలె, మళ్ల తోల్కరావాలె. సుకం కాదు, కష్టమే. జర నా కోసం పంపు.”

గూడ్సు బండికి చెయ్యి ఊపనిదే అన్నం ముట్టని పిల్ల వనమాల. వరలక్ష్మి ఆ మాట పైకి అనలేదు. రాళ్లు లేని బియ్యాన్ని మళ్లీ ఏరసాగింది.

పూల్‌సింగ్ భుజం మీది గోనెపట్టాను విప్పి మడిచాడు. చాలాసేపు రైలు గేటు వైపు చూశాడు.

“గేటు కాడ పైలంగనే ఉండాలె,” అన్నాడు చివరికి. “గోరీ ఒక్కతి ఎట్ల దాటిస్తది? ఒక చెయ్యి గోరీ పట్టుకుంటె, ఇంకో చెయ్యి పట్టుకోను మా చిన్నది, మోతీ, గూడ ఉండాలె.”

అతని మొహంలో నవ్వు జాడ లేదు. మడిచిన గోనెపట్టాను నెత్తిన పెట్టుకుని బస్తాల దగ్గరికి వెళ్లిపోయాడు.

రాజేశం తరాజు పక్కకు పెట్టాడు. తర్వాత లోపలికి వచ్చి వరలక్ష్మి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. కొసరు మీద కొసరు అడగడం ఆయన ధర్మంలో కూడా లేదు.

“ఇగ నన్ను చూస్తె జానకమ్మ తలుపేసుకుంటది,” అన్నాడు మెల్లగా. “నీ మాటైతె వింటది. నువ్వెన్నడు ఎవర్నీ ఏది అడుగలె.”

వరలక్ష్మి చేట దించింది.

“ఆనాడు నాలుగో ముడి నిన్నడుగకనే వేసిన. గిప్పుడు అడుగుతున్న. జర నా కోసం, మోతీ కొసరు నువ్వడుగు.”