చాచా దుకాణంలో తడి గోనె

లక్సెట్టిపేటలో ఎరువుల దుకాణం నడిపిన చాచా పోయిన శుక్రవారం కన్నుమూశారు. ఆ కబురు వచ్చినప్పుడు నేను మక్కజొన్న కోసం దుక్కి దున్నిస్తున్నాను. ఆయన మాకు చుట్టమేమీ కాదు. కానీ ఆ రెండెకరాలు ఇంకా మా చేతిలో ఉన్నాయంటే ఆయన వల్లే.

నేను శ్రీరాంపూర్ గని క్వార్టర్లలో పెరిగినదాన్ని. బొగ్గు తెలుసు గానీ మట్టి తెలియదు. మామ పోయాక, మా ఆయనకు గనిలో డ్యూటీ ఉండడంతో, సేద్యం నా నెత్తిన పడింది. అత్తమ్మ ముందే తేల్చి చెప్పింది: "గీ ఒక్క పంట జూస్త. పండకపోతె కౌలుకిచ్చుడే."

భయంభయంగా చాచా దగ్గరికి వెళ్ళాను. దుకాణంలో యూరియా బస్తాలకు దూరంగా, చల్లగా ఉండేందుకు తడి గోనె చుట్టిన మట్టి కుండ ఒకటి ఉండేది. అందులోంచి జీవన ఎరువు పాకెట్లు తీసి నా చేతిలో పెట్టారు.

"నాలుగు బస్తాల యూరియా ఏసే కాడ మూడెయ్యి బేటీ. ఒక బస్తా పని గివి జేస్తయి."

తన సరుకు తనే తగ్గించి అమ్మే దుకాణదారుణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

ఇక నా ఘనకార్యం. రెండుసార్లు చల్లడం ఎందుకని ఆ పాకెట్లనూ ఒక బస్తా యూరియానూ ఒకే గంపలో కలిపి చల్లేశాను. పైగా ఆ తెలివికి మురిసిపోతూ వెళ్ళి చాచాకే చెప్పాను. ఆయన నుదురు కొట్టుకున్నారు.

"అరె! గా పొడిల కంటికి కనవడని పానాలున్నయి. యూరియాల కలిపితె సావక ఏంజేస్తయి?"

చేను పోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది.

"ఫికర్ జేయకు" అంటూ మళ్ళీ పాకెట్లు తీశారు. "మాగిన పశుల పెంటల కలిపి, ఎండ తగ్గినంక సాళ్ళల్ల ఎయ్యి. మిగిలిన యూరియా పది దినాలైనంక. రెండూ కావాలె, గాని ఒక్క గంపల వద్దు."

ఆ ఏడాది కంకులు నిండుగా వచ్చాయి. అత్తమ్మ ఒక కంకి వలిచి, గింజల వరసను వేలితో తడిమి, "వచ్చేసారి గూడ నువ్వే ఏసుకో" అంది. కౌలు మాట మళ్ళీ ఎత్తలేదు.

అప్పటి నుంచి చాచా పాకెట్లూ యూరియా ఒకే రోజు ఎవరికీ అమ్మలేదు. ఎవరైనా విసుక్కుంటే, నేను ఎదురుగా ఉంటే నన్నే చూపించి, "గీ బిడ్డ పుణ్యమే" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నా తప్పు ఇంతమంది చేలకు పనికొచ్చిందని లోపల సంతోషంగానే ఉండేది.

నిన్న దుకాణం తెరిచారు. చాచా పెద్దమ్మాయి కూర్చుని ఉంది. ఆ కుర్చీలో ఆయన లేకపోయేసరికి నాకు మాట తడబడి, పాకెట్లూ యూరియా రెండూ అడిగేశాను.

ఆమె కుండలోంచి పాకెట్లు మాత్రమే తీసి ఇచ్చింది. "యూరియాకు పది దినాలైనంక రా అక్కా" అని, చెంబుతో గోనె మీద నీళ్ళు చిలకరించింది.