సాగదీయకూడని మోచెయ్యి

“పళ్లెంలకు మూతి వంచి తింటున్నవేందే, బర్రె కుడితి తాగినట్టు. చెయ్యి నోటిదాక వస్తలేదా?”

“వస్తది అవ్వా. నాకు గిట్లనే మంచిగున్నది.”

“మంచిగుంటే పొద్దుగాల జడ నన్నెందుకు అల్లమన్నవ్?”

“నేను ఉరికేటప్పుడు చెయ్యి మడిచే ఉంటది. గంతకంటె నాకు పనిలేదు. జర ఊకో.”

“ఊకుంట తియ్యి. ఎడమ చేత్తోని తినుడు గూడ నేర్చుకో.”

పళ్లెం జరిపి లేచింది. లేవడానికి కుడిచేతిని నేల మీద ఆన్చబోయి, మానుకొని, ఎడమచెయ్యి ఆన్చుకుంది. నాకు అనుమానం వచ్చింది అప్పుడే.

ఆ పిల్ల నా కొడుకు బిడ్డ, మౌనిక. మాది మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్. కొడుకూ కోడలూ పూలతోట పనికి తెల్లవారకముందే పోతారు కనుక దాని తిండీ తిప్పలూ చూసేది నేనే. అది డిగ్రీ చదువుతూ దూరం పరుగులు పరుగెడుతుంది. పది కిలోమీటర్లు దానికి లెక్క కాదు. ఎట్లయినా యూనివర్సిటీ జట్టులో చేరాలని పట్టుబట్టి ఉన్నది. ఆ జట్టులో ఆరుగురికే చోటు.

నాకు ఆ అనుమానం రావడానికి నెల ముందు, చేవెళ్ల రోడ్డు అంచున పరుగెడుతుండగా ముందు పోయే షేర్ ఆటో చటుక్కున ఆగింది. తప్పుకోబోయి కుడిచెయ్యి ఆన్చి పడింది. ఎక్స్‌రే తీసి, మోచేతి ఎముకలో చిన్న క్రాక్ ఉన్నదని చెప్పి ప్లాస్టర్ స్లాబ్ కట్టు వేశారు. మూడు వారాలకు విప్పుతూ, “ఇప్పటినుంచి మెల్లగా నువ్వే ఆడించుకోవాలె, ఫిజియోథెరపీకి రావాలె” అన్నారు. ఇది ఆ రెండూ చేయలేదు. మర్నాడే పరుగుకు పోయింది. పరుగులో చెయ్యి మడిచే ఉంటుంది కాబట్టి, అది చాచుకోవడం లేదన్న సంగతి మా కంట పడలేదు. దానికి తెలుసు. చెప్పలేదు.

తెలిసిన రోజునే దవాఖానకు పోదామని నేను అనాల్సింది. అనలేదు. ఈ ఊళ్లో బాలింతల ఇళ్లకు పోయి పసిపిల్లలకు నీళ్లు పోసినదాన్ని. కాళ్ల మీద పడుకోబెట్టుకొని, నూనె పట్టించి, కుడిచేతిని ఎడమకాలికీ ఎడమచేతిని కుడికాలికీ ఆనించి సాగదీస్తే బిడ్డ ఒళ్లు మరిచి నిద్రపోతుంది. నలభై ఏండ్లు చేశాను. ఒక్క బిడ్డకూ ఏమీ కాలేదు. ఇంట్లో నువ్వుల నూనె ఉన్నది, నాకు చేతులున్నాయి, ఆటో కిరాయి పెట్టుకొని పోయి ఇంకెవరితోనో చెయ్యి పట్టించుకోవడం ఎందుకనుకున్నాను.

రోజూ పొద్దున పీట మీద కూచోబెట్టేదాన్ని. ఒక చేత్తో దాని దండచెయ్యి, ఒక చేత్తో మణికట్టు పట్టి గుంజేదాన్ని. అది తువ్వాలు కొరికి పట్టుకొని ఓర్చుకునేది.

“అవ్వా, లోపల మండుతున్నది.”

“మండితేనే పట్టు ఇడుస్తున్నట్టు. ఓర్చుకో.”

మొదట్లో కొంచెం సాగినట్టే అనిపించింది. పదిహేను రోజులకు మోచేతి ముందువైపు గట్టిగా ఉబ్బింది. ముట్టుకుంటే వేడి. చెయ్యి ఇంతకుముందు వచ్చినంత కూడా రావడం లేదు. అప్పుడు చేవెళ్ల దవాఖానకు పోయాం.

డాక్టరు కొత్త ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. “ఇంటికాడ ఎవరన్న మాలిష్ చేసిండ్రా?” అని అడిగాడు.

“లేదు సార్” అంది మౌనిక, నా దిక్కు చూడకుండా.

“చేసిన. నేనే చేసిన. గుంజిన గూడ” అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. “చూడమ్మా, ఈడ తెల్లగ మబ్బు లెక్క ఉన్నది గదా. కండ ఉండాల్సిన జాగల బొక్క తయారైతున్నది. మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటరు. మోచేతికి దెబ్బ తగిలినంక గట్టిగ గుంజితే ఇట్ల అయ్యే భయం ఉంటది.”

“పసిపిల్లలకు ఏం కాలేదు సార్.”

“వాళ్ల బొక్క ఇరగలేదు గదమ్మా.”



మాలిష్ వద్దు, కాపడం వద్దు, ఎవరూ గుంజొద్దు అన్నాడు. గోలీలు రాశాడు. నొప్పి రానంత మేరకు పిల్ల తనే చెయ్యి ఆడించుకోవాలి. పరుగు రెండు నెలలు బంద్. ఆపరేషన్ చేస్తే పోతుందా అని అడిగాను. “ఆ బొక్క ముదిరేదాక ముట్టుకోం. అప్పటికి ఎంత తిరిగొస్తదో చూద్దాం. ఇప్పుడే ఏం చెప్పలేను” అన్నాడు. ఆ యేడు జట్టు ఎంపిక ఆ రెండు నెలల్లోనే జరిగిపోయింది.

ఆ తర్వాతి నెలల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. వారానికి రెండుసార్లు షేర్ ఆటోలో ఇరుక్కొని ఫిజియోథెరపీకి పోవడం, రావడం. అక్కడి అమ్మాయి మోచేతికి స్కేలు లాంటిది ఆనించి కొలిచేది. “పోయినసారి ఎంతుందో అంతే ఉంది ఆంటీ” అనేది. వరుసగా నాలుగు వారాలు అదే మాట. ఇంట్లో మౌనిక గోడ పక్కన నిలబడి చెయ్యి ఆడించుకుంటుంటే నా చేతులు ఊరుకునేవి కావు. పట్టి ఒక్కసారి నొక్కితే వచ్చేస్తుందేమో అనిపించేది. చిక్కుడుకాయలు ముందేసుకొని ఈనెలు తీస్తూ కూచునేదాన్ని. ఆ రోజుల్లోనే మా వాడలో ఒకరికి కాన్పయితే నీళ్లు పోయడానికి పిలిచారు. నడుము నొప్పి అని చెప్పి పోలేదు.

మూడో నెలలో పరుగు మళ్లీ మొదలుపెట్టింది. పది రోజులకు ఎడమ నడుము పట్టేసింది. ఫిజియోథెరపీ అమ్మాయి దాన్ని ఆవరణలో పరుగెత్తించి చూసింది. “కుడిచెయ్యి ఊగాల్సినంత ఊగుతలేదు. ఆ పని నడుము చేస్తున్నది. ఎడమచెయ్యి గూడ జర తక్కువ ఊపు. రెండు ఒక్కతీరు ఉండాలె” అంది. మళ్లీ రెండు వారాలు ఇంట్లోనే. ఆ రోజుల్లోనే ఒకనాడు, “నీ నూనె పాడుగాను, నువ్వు ముట్టకపోతే ఈపాటికి జట్టుల ఉందును” అంది మౌనిక.

“అవును” అన్నాను.

వాదిస్తాననుకుంది కాబోలు. ఏడ్చింది. నేను ఏడవలేదు. పొయ్యి మీద పప్పు ఉన్నది.

పది నెలలకు డాక్టరు చివరి ఎక్స్‌రే చూశాడు. మడవడం దాదాపు పూర్తిగా వచ్చింది. చాచడం మాత్రం నిటారు కావడానికి ఇంకా ముప్పై డిగ్రీలు ఉండగానే ఆగిపోయింది. “దీనికి ఆపరేషన్ అంటే మళ్ల బిగుసుకునే భయం గూడ ఉంటది. అన్నం తింటున్నవ్, ఉరుకుతున్నవ్. ఇట్లనే ఉండనియ్యి బిడ్డా” అన్నాడు. ఇప్పుడు ఆ చెయ్యి ఎప్పుడూ ఏదో సంచి పట్టుకున్నట్టు కొంచెం వంగే ఉంటుంది.

నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. పెద్ద మాటలు చెప్పలేను. ఒక్కటి చెబుతాను. మోచేతికి దెబ్బ తగిలి స్లాబ్ విప్పాక ఆ చేతిని ఎవరినీ రుద్దనీయకండి, గుంజనీయకండి, ఎంత చేయి తిరిగిన ముసలమ్మయినా సరే. దవాఖానవాళ్లు చూపించినట్టు, ఎవరి చెయ్యి వాళ్లే ఆడించుకోవాలి. దానికి ఫీజు కట్టాల్సి వస్తే కట్టండి.

పోయిన నెల మళ్లీ జట్టు ఎంపిక జరిగింది. మౌనిక ఎనిమిదోదిగా వచ్చింది.

“చెయ్యి వల్లనేనా?” అని అడిగాను.

“ఏమో అవ్వా. ముందటోళ్లు మంచిగ ఉరికిండ్రు.”

“వచ్చే యేడు?”

“ఆకలైతున్నది. అన్నం పెట్టు.”

తిని పడుకుంది. 

మర్నాడు ఐదింటికి తుంపర పడుతున్నది. లేచి, బూట్లు వేసుకొని, సురంగల్ ఊరి దాకా పరుగెత్తి వచ్చింది. బట్టలన్నీ తడిశాయి. నేను వేడినీళ్లు తోడిపెట్టాను. పోసుకొని కాలేజీకి పోయింది.