కుడిచేతి ఆట

గల్ఫ్‌లోని దుఖాన్ చమురు క్షేత్రంలో సువార్తరావు క్రేన్‌తో దించిన పైపు వేలెడు కూడా అటూ ఇటూ కాదని పేరు. పందొమ్మిదేళ్ళుగా నిలబెట్టుకున్న పేరది. రాజోలు దగ్గరి పల్లెలో ట్రాక్టర్ తోలుకునే మనిషి ఇక్కడికొచ్చి, ఎనభై అడుగుల పైనున్న కొక్కేన్ని చెప్పినట్టు వినేలా చేసుకున్నాడు. అలాంటి మనిషి కుడిచేతికి ఏడు నెలల కిందట వణుకు పట్టుకుంది. సెలవులో ఊరెళ్ళి చాటుగా చూపించుకుంటే, ఇది తగ్గేది కాదు, పెరిగేదేనన్నాడు డాక్టరు. భార్య సుసన్నకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కంపెనీకి తెలిస్తే క్రేన్ ఎక్కనివ్వరు. క్రేన్ లేకపోతే తానెవరో సువార్తరావుకే తెలియదు.

చేతిని దాచాడు గానీ చదరంగం మానలేకపోయాడు, అదీ ఆయన చేసిన పిచ్చిపని. శుక్రవారం మధ్యాహ్నాలు క్యాంప్ మెస్‌లో పోటీలు. మనిషికి మూడే నిమిషాలు. ఎత్తు వేసి గడియారం మీట నొక్కాలి. ఎవరి సమయం ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టే, ఆట ఎంత గెలుపులో ఉన్నా సరే. పావును కదిపిన చేత్తోనే మీట నొక్కాలన్నది ఇంకో నియమం. సువార్తరావు చావంతా అక్కడే. కుడిచెయ్యి మీటను వెతుక్కునేసరికి రెండేసి సెకన్లు పోతున్నాయి. ఎడమచేత్తో ఆడితే ఎందుకని అడుగుతారు. అందుకే నాలుగు వారాలుగా గెలిచే ఆటలన్నీ ఓడుతూ, వయసైపోయిందని నవ్వి తప్పించుకుంటున్నాడు.

ఆ శుక్రవారం ఎదురు కూర్చున్నది బాసిత్. జగిత్యాల మనిషి. సువార్తరావు ఎత్తే బరువు దగ్గర కింద నిలబడి సైగలు చేసే రిగ్గర్. తొమ్మిదేళ్ళ జోడీ. బల్ల మీద బాసిత్‌కు రాజూ ఒక్క బంటూ మిగిలాయి. సువార్తరావు ఏనుగును చివరి వరసలోకి తోస్తే ఆట కట్టు. ఐదు సెకన్లున్నాయి. ఏనుగును పట్టుకోగానే చెయ్యి ఎగిరిపడింది. రాజూ బంటూ దొర్లి కింద పడ్డాయి. పడేసినవాడే తన సమయంలో సర్దాలి. వంగి లేచేసరికి గడియారంలో సున్నాలు.

"టైం ఖతం. బాసిత్ గెలిచిండు," అన్నాడు ఆటకు రిఫరీగా ఉన్న స్టోర్స్ గుమాస్తా అబ్దుల్ ఖాదర్.

"గెలవడమేంటండీ? ఒక్క ఎత్తులో అయిపోయేది! ఇది బుర్రతో ఆడే ఆటా, చేత్తో ఆడే ఆటా?" సువార్తరావు కేక మెస్సంతా వినబడింది.

"బాసిత్ దగ్గర ఒక్క రాజే ఉంటే ఆట సమానం అని ఇచ్చేటోణ్ణి. బంటున్నది గద," అని ఖాదర్ గొంతు తగ్గించాడు. "చేతికి ఏమన్న తక్లీఫ్ ఉంటే కాగితం రాసియ్యి. ఇంకో నిమిషం ఇస్త. గది గూడ రూల్లనే ఉన్నది."

న్యాయం కావాలంటే కాగితం రాయాలి. రాస్తే క్రేన్ పోతుంది.

"నా చేతికేం రోగమండీ?" అంటూ సువార్తరావు చేతిని జేబులో దోపుకున్నాడు. బాసిత్ ఆ జేబునే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే నాలుగు టన్నుల పైపు దించాలి. బాసిత్ సూపర్‌వైజర్ చెవిన వేసేసి ఉంటాడని సువార్తరావు భయం. క్రేన్ ఎక్కి కిందికి చూశాడు. పసుపు హెల్మెట్ ఎప్పుడూ ఉండే చోటే ఉంది. పైపుకు కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డాడు బాసిత్. ఎవరికీ చెప్పలేదన్నమాట. హమ్మయ్య అనుకుని పైపు ఎత్తాడు. అప్పుడు వాకీటాకీలో బాసిత్ గొంతు వినిపించింది.

"అన్నా, జర నిదానంగ దింపు. ఈడ గడియారం లేదు."

అంటే చేతి సంగతి తెలిసే నిలబడ్డాడు. క్రేన్ లీవర్ మీద వేళ్ళు ఆడుతున్నాయి, కింద పైపు కొస ఊగుతోంది. నిన్న తనకు అన్యాయం జరిగిందని అంత అరిచాడే, ఏడు నెలలుగా ఈ పసుపు హెల్మెట్‌కు తను చేస్తున్నదేమిటి? సిగ్గుతో చచ్చిపోయాడు సువార్తరావు.

"బాసిత్, తాడు వదిలెయ్. దూరంగా పో."

"ఏమైందన్నా?"

"పొమ్మంటున్నానా!"

మనుషులెవరూ లేని చోట పైపు దించాడు. అనుకున్న చోటికి అడుగు అవతల పడింది. ఇంజన్ ఆపి, మెట్లు దిగి, నేరుగా సేఫ్టీ ఆఫీసుకు వెళ్ళాడు. వెనకే బాసిత్ వెళ్ళాడు. సువార్తరావు కాగితం అడిగి తీసుకుని కుడిచేత్తోనే రాశాడు. పేరు రాయడానికే చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.